ఎమర్జెన్సీలో మన తాలూకా కచేరీలు

మన సంఘం ప్రత్యేక సంచికకు సర్వీసు కాలపు చరిత్ర ఏదైనా రాయమని కార్యదర్శిగారు కోరినప్పుడు, ఎమర్జెన్సీ గురించి రాస్తానన్నాను. అది వచ్చి ఏభై ఏళ్లు దాటింది. ఆనాటికి సర్వీసులో ఉన్నవారం మనలో కొద్దిమందిమే మిగిలాము. జైళ్లకు వెళ్లిన నాయకులు తమ అనుభవాలు రాసుకున్నారు. పత్తి, మిరప పండే మన గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఏ జైలుకూ వెళ్లని రైతు, కూలీ, గుమాస్తా ఆ 21 నెలలు ఎలా గడిపారో రాసినవారు తక్కువ.

ముందుగా మన మనవలు, మనవరాండ్ర కోసం నాలుగు తేదీలు. 1975 జూన్ 12న అలహాబాదు హైకోర్టు ప్రధాని శ్రీమతి ఇందిరాగాంధీ ఎన్నిక చెల్లదని తీర్పు చెప్పింది. జూన్ 25 రాత్రి రాష్ట్రపతి ఫకృద్దీన్ అలీ అహ్మద్ ఎమర్జెన్సీ ప్రకటనపై సంతకం చేశారు. మరునాడు ఉదయం ప్రధాని రేడియోలో ఆ సంగతి చెప్పారు. జూన్ 27న మరొక ఉత్తర్వు వచ్చింది. రాజ్యాంగంలోని 14, 21, 22 అధికరణాల కింద హక్కుల కోసం కోర్టుకు వెళ్లే వీలు దానితో నిలిచిపోయింది. అంటే మనిషిని పట్టుకుపోతే ఎందుకని అడగడానికి ఎక్కే గడప లేదు. మీసా చట్టం కింద దేశంలో సుమారు 35 వేల మందిని, మన రాష్ట్రంలో వెయ్యి మందికి పైగా నిర్బంధించారు. ఇతర నిబంధనల కింద అరెస్టయినవారిని కలిపితే దేశం మొత్తం మీద లక్ష దాటింది. 1977 మార్చి 21న ఎమర్జెన్సీ ఎత్తివేశారు. అంతకాలమూ మన ముఖ్యమంత్రి శ్రీ జలగం వెంగళరావు.

నేను 1974లో ఎల్.డి.సి.గా చేరాను. అప్పటికి మండలాలు లేవు, తాలూకాలే. సాగర్ కుడికాలువ నీళ్లు వచ్చి ఎన్నో ఏళ్లు కాలేదు. నల్లరేగడి చేలల్లో వరలక్ష్మి పత్తి కొత్తగా అడుగుపెడుతోంది. మిరపకాయల బస్తాలు గుంటూరు యార్డుకు ఎడ్లబళ్ల మీద కూడా వెళ్లేవి. 1973, 74 సంవత్సరాల్లో ధరలు మండిపోయాయి. కిరసనాయిలుకూ, పంచదారకూ క్యూలు కట్టినవాళ్లకు ఎమర్జెన్సీ అనగానే కోపం రాలేదు. 1975లో వానలు బాగా పడ్డాయి, ధరలు కొంత దిగాయి. దుకాణాల ముందు ధరల బోర్డులు వేలాడాయి. జులై 1న ప్రకటించిన ఇరవై సూత్రాల కార్యక్రమంలో పేదలకు ఇళ్ల స్థలాలు, అప్పుల నుంచి ఊరట, వెట్టిచాకిరీ రద్దు ఉన్నాయి. వెట్టిని రద్దు చేస్తూ అక్టోబరులో ఆర్డినెన్సు కూడా వచ్చింది. 1976 జనవరి 1న పొగాకు బోర్డు గుంటూరు కేంద్రంగా ఏర్పడింది. ఇవి జరగలేదని అనడం న్యాయం కాదు. భూపరిమితి డిక్లరేషన్ల ఫైళ్లు కట్టలు కట్టి బీరువాల్లో సర్దిన గుమాస్తాల్లో నేనూ ఒకణ్ణి.

కచేరీలో మొదట కనిపించిన మార్పు హాజరు పట్టీ. పదిన్నర దాటితే ఎర్రసిరా గీత పడేది. గోడ మీద ‘మాటలు తక్కువ, పని ఎక్కువ’ అని రాయించారు. పని ఎంత పెరిగిందో చెప్పలేను గానీ, మాటలు మాత్రం నిజంగానే తగ్గాయి. 1972-73 జై ఆంధ్ర ఉద్యమంలో నెలల తరబడి సమ్మె చేసి, జీతాల్లేక బాధలు పడి కూడా వెనుదిరగని సీనియర్లు మా సెక్షనులోనే ఉండేవారు. అదనపు కరువుభత్యంలో సగం నిర్బంధ డిపాజిట్‌కు పోతున్నా వాళ్లిప్పుడు నోరు విప్పలేదు. పాతికేళ్ల సర్వీసు నిండినవారిని ముందే ఇంటికి పంపిస్తారన్న మాట చాలు, గుండెలు గుబగుబలాడేవి. టీ కొట్టు దగ్గర కొత్తమనిషి కూర్చుంటే మాట పత్తి రేటు మీదికి మళ్లేది.

పత్రికలు రోజూ వచ్చేవి, అందులో వార్త ఉండేది కాదు. సెన్సారు దాటినవే అచ్చయ్యేవి. 1975 డిసెంబరు 1న రైతుకూలీలు భూమయ్య, కిష్టాగౌడ్‌లను ముషీరాబాదు జైలులో ఉరి తీశారు. ఆ సంగతి మా ఆఫీసులో ఎవరూ పైకి మాట్లాడలేదు. మా హెడ్‌గుమాస్తాగారు మాత్రం రాత్రిపూట తలుపులు వేసుకుని బి.బి.సి. వినేవారు. ఒకసారి నన్ను పక్కకు పిలిచి, “అబ్బాయ్, విన్నది విన్నట్టు ఉంచుకో. ఆఫీసులో అనకు” అన్నారు. ఆయన పిరికివారు కారు. ఇంట్లో నలుగురు ఆడపిల్లలు.

ఇక కుటుంబ నియంత్రణ. 1976 ఏప్రిల్‌లో కేంద్రం జాతీయ జనాభా విధానం ప్రకటించింది. ఆపరేషన్ చేయించుకుంటే ఇద్దరు లేక అంతకు తక్కువ పిల్లలున్నవారికి 150 రూపాయలు, ముగ్గురుంటే 100, నలుగురు అంతకు మించితే 70. పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేలో వంగినా చేతికి నాలుగు రూపాయలు రాని కూలీకి అది పెద్ద మొత్తం. పైనుంచి జిల్లాకు లక్ష్యం, జిల్లా నుంచి తాలూకాకు, తాలూకా నుంచి ఫిర్కాకు, అక్కడి నుంచి గ్రామ కరణం, మునసబుల దాకా దిగింది. ఇన్ని ‘కేసులు’ తేకపోతే ఇంక్రిమెంటు ఆగుతుందని మాకు నోటిమాటగా చెప్పారు. కాగితం మీద ఎక్కడా రాయలేదు. ఆ ఏడాది దేశానికి పెట్టుకున్న లక్ష్యం సుమారు 43 లక్షలు. జరిగినవి 81 లక్షలు దాటాయి.

వారం వారం పైకి పంపే స్టేట్‌మెంటు నా సీటుదే. ఒకరోజు క్యాంపు దగ్గరికి తలారి ఒక ముసలాయనను వెంటబెట్టుకొచ్చాడు. అరవై ఏళ్లు పైబడిన మనిషి, మిరపకోతల కూలీ. మా డఫేదారుది ఆ ఊరే. “ఏం పెదనాయనా, నువ్వెందుకొచ్చావు?” అని అడిగాడు. “ఇళ్ల స్థలం కాగితం ఇస్తారంట గదరా అబ్బాయ్, వేలిముద్ర ఎయ్యమంటే వచ్చా” అన్నాడాయన. డాక్టరుగారు వయసు చూసి, తలారిని మందలించి, ముసలాయనను ఇంటికి పంపించేశారు. ఆ సాయంత్రం స్టేట్‌మెంటు నింపడానికి కూర్చున్నాను. లక్ష్యం, సాధించినది, మిగిలినది అని మూడు గడులు. ‘తెలియక వచ్చినవారు’ అని గానీ, ‘ఇష్టం లేనివారు’ అని గానీ గడి లేదు. ఆ డాక్టరుగారి చోట మరొకరు ఉండి ఉంటే, ఆయన కూడా ‘సాధించినది’ అన్న గడిలో ఒక అంకె అయ్యేవాడు.

నాకు అర్థమైనంతలో ఎమర్జెన్సీ అంటే అదే. మన పల్లెలకు అది తుపాకీతో రాలేదు, ప్రొఫార్మాతో వచ్చింది. పైవాడికి అంకె కావాలి. కిందివాడికి భయం. అంకె వెనకాల మనిషి ఉన్నాడని చెప్పడానికి పత్రిక లేదు, సభ లేదు, కోర్టు లేదు. 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు కూడా, నిర్బంధితులకు హెబియస్ కార్పస్ వేసే వీలు లేదని తేల్చింది. అయిదుగురు న్యాయమూర్తుల్లో కాదన్నది జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే. మరుసటి ఏడాది ప్రధాన న్యాయమూర్తి పదవి ఆయనకు దక్కలేదు. ఆయన కన్నా జూనియర్‌కు ఇచ్చారు. సీనియారిటీ లిస్టు విలువ తెలిసిన మనకు అదెంత దెబ్బో వేరే చెప్పాలా?

1977 మార్చి ఎన్నికల్లో ఉత్తరాదిన కాంగ్రెస్ తుడిచిపెట్టుకుపోయింది. మన రాష్ట్రంలో 42 స్థానాల్లో 41 దానికే వచ్చాయి. నంద్యాలలో నీలం సంజీవరెడ్డిగారు ఒక్కరే జనతా తరఫున నెగ్గారు. మనవాళ్లకు స్వేచ్ఛ విలువ తెలియదని కొందరు వెక్కిరించారు. ఆ మాట సబబు కాదు. ఉత్తరాదిలో జరిగినంత బలవంతం ఇక్కడ జరగలేదు, ఇళ్ల స్థలాల వంటివి కొందరికి నిజంగా అందాయి. దానికి తోడు, 1976 ఏప్రిల్‌లో ఢిల్లీ తుర్క్‌మన్ గేటు దగ్గర ఇళ్లు కూల్చి కాల్పులు జరిపిన సంగతి మా ఊళ్లలో చాలామందికి సెన్సారు పోయాకే తెలిసింది. తెలియనిదానికి జనం తీర్పెలా చెబుతారు?

తరువాత షా కమిషన్ విచారణ జరిగింది. 1978లో 44వ రాజ్యాంగ సవరణ వచ్చింది. అందులో ఒక అంశం గుమాస్తాగా నాకు చాలా నచ్చింది. 1975లో రాష్ట్రపతి రాత్రే సంతకం చేశారు, మంత్రివర్గానికి తెల్లవారాక చెప్పి ఆమోదం తీసుకున్నారు. సంతకం ముందు, నోట్ వెనక! సవరణ తరువాత మంత్రివర్గ నిర్ణయం లిఖితపూర్వకంగా అందితే తప్ప రాష్ట్రపతి ప్రకటన చేయరాదు. ‘అంతర్గత కల్లోలం’ అన్న మాట తీసి ‘సాయుధ తిరుగుబాటు’ అని పెట్టారు. 20, 21 అధికరణాల హక్కులను ఎమర్జెన్సీలోనూ తాకడానికి వీల్లేదన్నారు. 1976 నాటి తీర్పు తప్పని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న చెప్పింది. జస్టిస్ ఖన్నా 2008లోనే కన్నుమూశారు.

“ఆ రోజుల్లో రైళ్లు వేళకు నడిచాయి, ఆఫీసులు వేళకు తెరిచారు” అని మనలో కొందరు ఇప్పటికీ అంటుంటారు. అది అబద్ధం కాదు. అయితే వేళకు తెరిచిన ఆఫీసులో సామాన్యుడు తన గోడు చెప్పుకోగలిగాడా అన్నది కూడా కలిపి చెప్పాలి. సభ్యుల కుటుంబాలవారికి నా మనవి ఒక్కటే. మీ ఇంట్లో ఆ కాలపు ఉద్యోగులుంటే, అప్పుడు ఏం జరిగిందో అడిగి, ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టండి. స్టేట్‌మెంట్లలో గడి లేని ఆ సంగతులన్నీ ఇప్పుడు మా జ్ఞాపకాల్లోనే ఉన్నాయి.