పదునైదేండ్ల తాళము

కంప్యూటరులోని ప్రోగ్రాములన్నిటికిని జ్ఞాపకస్థానమును, కాలమును, పరికరములను పంచియిచ్చు మూల ప్రోగ్రామునకు కెర్నెల్ అని పేరు. 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ‘లినక్సు’ కెర్నెల్‌ను వ్రాసినపుడు, అది ఒకే ప్రాసెసరు గల యంత్రమునకై ఉద్దేశింపబడినది.

ప్రాసెసర్లు రెండైనచో పని రెట్టింపు వేగముతో సాగునని తోచును. కాని ఒక చిక్కు కలదు. జ్ఞాపకస్థానములో 5 అను అంకె ఉన్నదనుకొందము. రెండు ప్రాసెసర్లును దానికి 1 చొప్పున కలుపవలెను. మొదటిది 5ను చదివి 6 వ్రాయులోపల, రెండవదియు 5నే చదివినచో, అదియు 6నే వ్రాయును. 7 ఉండవలసిన చోట 6 మిగులును! ఇట్టి తప్పు ఎప్పుడో ఒకప్పుడు గాని జరుగదు. కావుననే దానిని పట్టుకొనుట మిక్కిలి కష్టము.

దీనికి ఉపాయము, ఒకరు లోపలనుండగా మరియొకరు ప్రవేశింపకుండుట. ఎందరున్నను ఈ నియమము చెల్లునట్లు చేయు పద్ధతిని డచ్చి శాస్త్రజ్ఞుడు డైక్‌స్ట్రా 1965లో ప్రకటించెను.

1996 జూన్‌లో లినక్సు 2.0 వెలువడెను. అందు బహు ప్రాసెసర్ల ఏర్పాటు కొరకు ముఖ్యముగా కృషి చేసినవాడు బ్రిటనుకు చెందిన అలన్ కాక్స్. అప్పటికే వ్రాయబడిన ప్రతి పంక్తిని పరీక్షించి దిద్దుట సులభము కాదు. అందుచే కెర్నెల్ అంతటికిని ఒకే పెద్ద తాళము వేయబడెను. ఒక ప్రాసెసరు లోపలనున్నంతసేపు తక్కినవి వాకిట వేచియుండవలసినదే. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు గదా!

ఇది క్షేమమే, కాని ఖరీదైనది. పనిలో ఐదవ వంతు ఒంటరిగనే జరుగవలసి యున్నచో, 4 ప్రాసెసర్లున్నను వేగము రెండున్నర రెట్లే పెరుగును. ఎన్ని చేర్చినను 5 రెట్లు మించదు. ఈ పరిమితిని ఆమ్డాల్ 1967లోనే సూచించెను.

కావున 1999లో వచ్చిన 2.2, 2001లో వచ్చిన 2.4 రూపములలో పెద్ద తాళమునకు బదులు చిన్న తాళములు హెచ్చెను. వానితో క్రొత్త అపాయము వచ్చినది. ఒక ప్రాసెసరు మొదటి తాళమును పట్టుకొని రెండవదానికై, మరియొకటి రెండవదానిని పట్టుకొని మొదటిదానికై వేచినచో, రెండును కదలలేవు. అందుచే తాళములను అన్నిచోట్లను ఒకే వరుసలో తీసికొనవలెనను నియమము అవసరమైనది.

పెద్ద తాళపు తుది జాడలు 2011 మేలో, 2.6.39 రూపముతో తొలగెను. వేయుట కంటె తీయుటయే కష్టమైనది. ఏలయన, ఏ భాగము దేనిని కాపాడుటకు దానిపై ఆధారపడినదో ఒక్కొక్కటిగా తెలిసికొనవలసి వచ్చినది. నేడు అనేక ప్రాసెసర్లు గల సెల్‌ఫోనులలో సైతము లినక్సు పనిచేయుచున్నదనిన, అందు ఈ ఓపికకును భాగము కలదు.