అమెరికా వారి ఏలిన్నాటి శని

మా చిన్నతనంలో మా వీధి చివర పచారీ కొట్టులో పొడుగాటి పద్దు పుస్తకం ఒకటి వుండేది. ఎర్రగుడ్డ అట్ట, నడుముకి దారం. అందులో ఇంటికో పేజీ. నాన్నగారి ఉద్యోగం వూడి ఎనిమిది నెలలు ఇంట్లో కూర్చున్న ఏడు మా పేజీ నిండిపోయి పక్క పేజీలోకి పాకింది. తరవాత ఆయనకి మళ్ళీ ఉద్యోగం దొరకడం, అమ్మ పాలు తగ్గించి, చీరలు మానుకుని బాకీ అణా పైసలతో సహా తీర్చెయ్యడం జరిగాయి. అంతటితో ఆ కథ అయిపోయిందనుకున్నాం. నాలుగేళ్ళ తరవాత అక్కకి ఒక మంచి సంబంధం వచ్చింది. మగపెళ్ళివారి తాలూకు మనిషి ఒకాయన వాకబు చేస్తూ ఆ కొట్టు దగ్గిర ఆగాడట. “మంచివాళ్ళేనండీ. కాకపోతే ఆమధ్య మాకు బాగా బాకీపడ్డారు” అన్నారట శెట్టిగారు. ఆయన అబద్ధం ఆడలేదు. సంబంధం మాత్రం తప్పిపోయింది.

ఇన్నేళ్ళకి ఆ సంగతి గుర్తుకు రావడానికి కారణం అమెరికాలో వుంటున్న మా మేనకోడలు. ఇల్లు కొనుక్కుందామని అప్పుకి వెళ్ళిందిట. చదువుకునే రోజుల్లో కట్టలేక వదిలేసిన క్రెడిట్ కార్డు బాకీ ఒకటి ఆవిడ క్రెడిట్ రిపోర్టులో నల్లమచ్చలా కూర్చుని వుంది. “ఇంకో అయిదు నెలలు ఆగితే గడువు తీరిపోతుంది అత్తా. అప్పుడు దానంతటదే రాలిపోతుంది” అంది ఫోనులో. “రాలిపోవడానికి అదేమైనా పండుటాకా?” అన్నాను. “ఏడేళ్ళు దాటిన చెడ్డమాట చెప్పకూడదని ఇక్కడ చట్టం వుంది” అంది. మా వీధి శెట్టిగారికి ఆ చట్టం ఎవరూ చెప్పలేదు కదా అనిపించింది. ఆ ఏడేళ్ళు ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో తెలుసుకుందామని కూర్చుంటే చాలా దూరమే వెళ్ళాల్సి వచ్చింది.

ఈ వాకబుని వ్యాపారంగా మార్చిన మనిషి న్యూయార్కులో లూయీ టాపన్ అనే పట్టు వర్తకుడు. దైవభక్తుడు. బానిసత్వమంటే ఒంటికాలిమీద లేచేవాడు. ఆ కసితోనే 1834లో అల్లరిమూకలు అతని ఇంటిమీద పడి, సామాను వీధిలోకి లాగి తగలబెట్టాయి. 1837లో దేశమంతటా వచ్చిన ఆర్థిక సంక్షోభంలో అన్నదమ్ముల పట్టు వ్యాపారం మునిగింది. ముక్కూ మొహం తెలియని దూరపు వూళ్ళ వర్తకులకి అరువులివ్వడంలో ఎంత ప్రమాదం వుందో టాపన్‌కి అప్పుడు బాగా తెలిసొచ్చింది. 1841లో ‘మర్కంటైల్ ఏజెన్సీ’ అని ఒక ఆఫీసు తెరిచాడు. వూరికో మనిషి, ఎక్కువగా ప్లీడర్లు, అక్కడి వర్తకుల గుట్టుమట్లు రాసి పంపేవారు. తరవాత దేశాధ్యక్షుడైన అబ్రహాం లింకన్ కూడా ప్లీడరీ చేసే రోజుల్లో ఇలాంటి కబుర్లు రాసినవాడేనంటే మీరు నమ్మాలి. ఆ కబుర్లన్నీ పెద్ద పెద్ద ఆవర్జాల్లోకి ఎక్కించేవారు. చందా కట్టిన వర్తకుడి గుమస్తా వస్తే చదివి వినిపించేవారు గాని చేతికివ్వరు. రెండున్నరవేలకు పైగా వున్న ఆ సంపుటాలు ఈనాటికీ హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో భద్రంగా వున్నాయి.

అందులో అప్పుల సంగతులు మాత్రమే వుండేవి అనుకుంటే పొరపాటు. తాగుతాడా, పేకాడతాడా, పెళ్ళాం తరఫు ఆస్తి ఎంత, ఇంట్లో గొడవలేమైనా వున్నాయా అన్నీ వుండేవి. ఒహాయో రాష్ట్రంలో నార్వాక్ అనే చిన్న వూళ్ళో జాన్ బియర్డ్‌స్లీ అనే కొట్టు యజమాని వుండేవాడు. అతని భార్య విడాకులూ మనోవర్తీ కోరుతూ కోర్టుకెక్కబోతోందనీ, అతను ఆస్తి చేతులు మార్చేస్తాడేమోననీ న్యూయార్కు పుస్తకంలోకి ఎక్కింది. దాంతో సరుకు ఇచ్చేవాళ్ళు చేతులు ముడుచుకున్నారు. పాపం, మొగుడూ పెళ్ళాల మాట వీధి దాటి, వూరు దాటి, ఎక్కడో న్యూయార్కులో గుమస్తాల చెవినపడింది! బియర్డ్‌స్లీ వూరుకోలేదు, దావా వేశాడు. ఈ కబురు రాసిన మనిషి పేరు చెప్పమని కోర్టు అడిగితే, టాపన్ తరవాత ఏజెన్సీ నడిపిన బెంజమిన్ డగ్లస్ జైలుకైనా వెళ్ళాడు గాని పేరు చెప్పలేదు. 1851లో జ్యూరీ పదివేల డాలర్ల నష్టపరిహారం ఇప్పించింది. పై కోర్టుకి వెళ్ళి వెళ్ళి, చివరికి 1870లో సుప్రీంకోర్టు ఆ తీర్పు కొట్టేసింది. ఇన్నేళ్ళలో ఆ భార్య మనసు ఎలా వుండి వుంటుందో మాత్రం ఏ ఆవర్జాలోనూ లేదు.

వర్తకుల మీద మొదలైన ఈ నిఘా గృహస్థుల మీదికి రావడానికి ఎంతో కాలం పట్టలేదు. అదీ మన పచారీ కొట్టునుంచే వచ్చింది సుమండీ! టెనెసీలో చట్టనూగా అనే వూళ్ళో కేటర్ వూల్ఫర్డ్ అనే కిరాణా వర్తకుడు తన ఖాతాదారుల్లో ఎవరు సరిగ్గా చెల్లిస్తారో, ఎవరు ఎగేస్తారో జాబితా రాసి తోటి వర్తకులకి అమ్మాడు. బేరం బాగుండడంతో 1899లో తమ్ముడు గై తో కలిసి అట్లాంటాలో ‘రిటైల్ క్రెడిట్ కంపెనీ’ పెట్టాడు. 1960ల నాటికి ఆ కంపెనీ దగ్గిర లక్షలాది కుటుంబాల ఫైళ్ళు వున్నాయి. దాని మనుషులు ఇరుగుపొరుగుల తలుపులు తట్టి పక్కింటివాళ్ళ తాగుడూ, నడవడీ వాకబు చేసి రాసుకునేవారు. అందులో ఏం రాశారో ఆ ఇంటివాళ్ళకి చూపించరు. తప్పుంటే దిద్దరు. పాతబడితే తీసెయ్యరు. మా వీధి శెట్టిగారికి కనీసం ముసలితనంలో మతిమరుపైనా వచ్చింది. ఫైలుకి అదీ రాదు.

చివరికి 1968లో అమెరికా కాంగ్రెసు విచారణ మొదలుపెట్టింది. విస్కాన్సిన్ సెనెటరు విలియం ప్రాక్స్‌మైర్ 1969లో బిల్లు తెచ్చాడు. 1970 అక్టోబరు 26న అధ్యక్షుడు నిక్సన్ సంతకంతో అది ‘ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ యాక్టు’ అయింది. బియర్డ్‌స్లీ తీర్పుకీ దీనికీ మధ్య సరిగ్గా వందేళ్ళు! ఫైల్లో ఏముందో తెలుసుకునే హక్కు, తప్పని వాదించే హక్కు మనిషికి అప్పుడు వచ్చాయి. అన్నిటికంటే విచిత్రమైనది, చెడ్డమాటకి వయసు కట్టడం. బాకీ ఎగవేత వగైరాలు ఏడేళ్ళు దాటితే రిపోర్టులో చూపకూడదు. మనకి ఏలిన్నాటి శని ఏడున్నరేళ్ళు. అమెరికావారు ఆర్నెల్లు తగ్గించుకున్నారన్నమాట. ఇక ఐ.పి. పెట్టిన దివాలాకోరుకి పద్నాలుగేళ్ళు. అక్షరాలా రాములవారి వనవాసం! 1978లో దయతలచి పదేళ్ళకి దించారు. పెద్ద మొత్తాల అప్పులకీ, పెద్ద జీతాల ఉద్యోగాలకీ ఈ గడువు వర్తించదని మినహాయింపు కూడా పెట్టారు. అది నాకు నచ్చలేదు. పెద్ద ఉద్యోగం దగ్గిర పాత తప్పు మళ్ళీ కొత్తదవుతుందా?

రిటైల్ క్రెడిట్ కంపెనీ 1975లో ఈక్విఫాక్స్ అని పేరు మార్చుకుంది. పేరు మార్చుకునే సౌకర్యం కంపెనీలకే గాని బాకీదార్లకి లేదు.

ఆడవాళ్ళ సంగతి వేరుగా చెప్పాలి. చెడ్డమాట వుండడం ఒక బాధైతే, అసలు పేరే లేకపోవడం ఇంకో బాధ. ఆ రోజుల్లో పెళ్ళైన స్త్రీ ఎంత నిక్కచ్చిగా వాయిదాలు కట్టినా ఆ మంచిపేరు భర్త ఫైల్లోకి పోయేది. ఆయన పోయినా, విడాకులిచ్చినా ఆవిడ నలభయ్యో ఏట అప్పుకి వెళితే, “మీ గురించి మా దగ్గిర ఏమీ లేదు” అనేవారు. ఇంటి అప్పుకి భార్య జీతం లెక్కలోకి తీసుకోవాలంటే, ఇక పిల్లల్ని కనరని డాక్టరు ఉత్తరం తెమ్మన్నవాళ్ళు కూడా వున్నారు! 1974 అక్టోబరులో వచ్చిన ఇంకో చట్టం స్త్రీ అనీ, పెళ్ళైందనీ, కాలేదనీ అప్పు నిరాకరించకూడదంది. 1977 నుంచి దంపతుల ఉమ్మడి ఖాతా ఇద్దరి పేరా నమోదు కావాలన్నారు. ఆ దేశపు గృహిణికి తన సొంత పేజీ వచ్చింది అప్పుడే.

ఇంతకీ మా మేనకోడలి విషయం. అయిదు నెలలు ఆగింది. మచ్చ రాలలేదు. ఎందుకంటే, రానిబాకీలు కారుచౌకగా కొనుక్కుని వసూళ్ళు చేసే కంపెనీలు అక్కడ వున్నాయి. ఈవిడ బాకీ కొన్న సంస్థ, తాను కొన్న తేదీనే బాకీ పుట్టినరోజుగా రాసేసింది. మూడేళ్ళు చిన్నదైపోయింది బాకీ! ఇలాంటి వయసు తగ్గించే విద్యలు అరికట్టడానికే 1996లో చట్టాన్ని సవరించారు. మొట్టమొదట వాయిదా తప్పి, మళ్ళీ ఎన్నడూ సర్దుబాటు కాని తేదీ ఏదో అదే లెక్క. దానికి నూట ఎనభై రోజులు కలిపి అక్కణ్ణుంచి ఏడేళ్ళు. బాకీ ఎన్ని చేతులు మారినా ఆ తేదీ మారదు. కాని ఆ తేదీ రుజువు చెయ్యాలి కదా! మా వదిన అటకమీది సంచీ దులిపితే, మేనకోడలు ఎప్పుడో ఇండియా వచ్చినప్పుడు పడేసిపోయిన కాగితాల్లో ఆ కార్డు పాత బిల్లు బయటపడింది. నకలు జత చేసి అభ్యంతరం రాసి పంపింది. విచారించి జవాబు చెప్పడానికి చట్టం ఇచ్చిన గడువు ముప్ఫై రోజులు. ఇరవై ఆరో రోజున పద్దు కొట్టేశామని ఉత్తరం వచ్చింది. ఈ మాత్రం పనికి ముందే డబ్బు గుంజే దళారులు అక్కడ వుండేవారు. పని పూర్తికాకుండా పైసా పుచ్చుకోకూడదని వాళ్ళకీ 1996లోనే చట్టం చేశారు.

ఇక్కడ ఒక మాట. రిపోర్టులోంచి పద్దు పోయినంత మాత్రాన అప్పు తీరినట్టు కాదు. మనవాళ్ళు ప్రోనోటుకి కాలదోషం పట్టిందంటారే, అది వేరు. ప్రోనోటు మీద మూడేళ్ళలోపు దావా వెయ్యకపోతే కోర్టు వినదు. అందుకే గడువు దగ్గిరపడగానే అప్పిచ్చినాయన ఇంటికి వచ్చి, “ఓ వంద ఇచ్చి వెనకాల చెల్లు రాయండి” అంటాడు. చెల్లు రాసి సంతకం పెట్టామా, ప్రోనోటుకి మళ్ళీ మూడేళ్ళ ఆయుష్షు. అమెరికా రిపోర్టుకి ఆ భయం లేదు. మధ్యలో కొంత కట్టినా ఏడేళ్ళు మళ్ళీ మొదలుకావు.

మనకీ ఇప్పుడు ఈ రిపోర్టులు వచ్చాయి. 2000లో సిబిల్, 2005లో దానికో చట్టం. తమాషా ఏమిటంటే, అమెరికావారు ఏడేళ్ళు మించి చూపకూడదంటే, మన నిబంధనలు కనీసం ఏడేళ్ళు దాచమంటాయి! గరిష్ఠం అక్కడిది, కనిష్ఠం ఇక్కడిది. అయితే రిపోర్టు ఏడాదికొకసారి ఉచితంగా తెప్పించుకోవచ్చు. తప్పు చూపించి ఫిర్యాదు చేస్తే ముప్ఫై రోజుల్లో దిద్దాలి, లేకపోతే రోజుకి వంద రూపాయల చొప్పున మనకే ఇవ్వాలని 2024 నుంచి రిజర్వు బ్యాంకు నియమం. మరిదిగారి అప్పుకి మొహమాటపడి హామీ సంతకం పెట్టిన వాళ్ళు ఒకసారి తెప్పించి చూసుకోండి. ఆ అప్పు మీ పేజీలో కూడా వుంటుంది. రాజీపడి సగం కట్టి వదిలించుకున్న బాకీని ‘సెటిల్డ్’ అని రాస్తారు. అది పూర్తిగా తీరినట్టు కాదు.

అక్క సంబంధం తప్పిపోయిన మర్నాడు అమ్మ కొట్టుకి వెళ్ళి, “మా పాత పేజీ చింపెయ్యండి శెట్టిగారూ” అంది. నేనూ వెంట వున్నాను. ఆయన నిజంగానే నొచ్చుకున్నారు. “పద్దు చింపకూడదమ్మా, లక్ష్మి” అంటూ పుస్తకం తిప్పి, ఆ రెండు పేజీల మీదా ఈ మూలనుంచి ఆ మూలకి అడ్డంగా గీత కొట్టి, కింద ‘చెల్లు’ అని రాసి చూపించారు. గీత కింద అంకెలన్నీ కనిపిస్తూనే వున్నాయి. అమ్మ కాసేపు వాటినే చూసి, పావుకిలో చింతపండు అడిగి, డబ్బులు అక్కడే లెక్కపెట్టి ఇచ్చింది.