పదిమంది సొత్తయిన బొమ్మల పనిముట్టు

తోలుబొమ్మలాట చూచిన పెద్దలకు ఒక సంగతి తెలిసియే యుండును. తెరమీది బొమ్మను ఊరంతయు చూచును గాని, తోలును పదునుచేయు మర్మమును, బొమ్మల పెట్టెయు ఆడించువారి యింటనే యుండును. ఆ యిల్లు చితికినచో విద్యయు దానితోడనే మాయమగును. కంప్యూటరు బొమ్మల విషయమున ఇట్టి యాపదయే 2002వ సంవత్సరమున హాలెండు దేశమున సంభవించినది. అది తప్పిన విధమును మనవిచేసెదను.

కంప్యూటరునకు స్వయముగా ఏమియు తెలియదు. మానవుడు వ్రాసియిచ్చిన ఆజ్ఞల చొప్పున నడచును. ఆ యాజ్ఞల సముదాయమునకే సాఫ్టువేరని పేరు. బొమ్మలను మలచి కదలించుటకై టాన్ రోసెండాల్ అను హాలెండు దేశీయుడు బ్లెండరు అను సాఫ్టువేరును నిర్మించెను. దానిని నడుపుచుండిన వ్యాపారసంఘము 2002లో మూతపడెను. ఆజ్ఞల మూలప్రతి పెట్టుబడిదారుల వశమున నుండుటచే, వేలకొలది జనులు నేర్చిన పనిముట్టు తాళము క్రింద చిక్కుకొనెను.

రోసెండాల్ నిరాశ చెందలేదు. లక్ష యూరోలు చెల్లించినచో మూలప్రతిని విడుచుటకు వారి నొప్పించెను. ఊరివారు చందాలు వేసికొని చెరువు బాగుచేసికొనునట్లు, దేశదేశములందు దానిని వాడువారు ఏడు వారములలో ఆ సొమ్మును కూర్చిరి. 2002 అక్టోబరు 13వ తేదీన మూలప్రతి లోకమునకు విడుదలయ్యెను. ఎవరైనను దానిని చదువవచ్చును, దిద్దవచ్చును, పంచవచ్చును. దిద్ది పంచువారు తమ దిద్దుబాటును గూడ అట్లే బహిరంగముగా నీయవలెను. ఇట్టిదానిని ఓపెన్ సోర్సు, అనగా తెరచిన మూలము గలది, యందురు.

పనిముట్టు దక్కినది, దానితో ఘనకార్యము సాధ్యమగునా యను ప్రశ్న మిగిలెను. 2005లో ఆరుగురు కళాకారులు ఆంస్టర్‌డాం నగరమున చేరి, 'ఎలిఫెంట్స్ డ్రీమ్' అను సుమారు 11 నిమిషముల చిత్రమునకు పూనుకొనిరి. చిత్రము పుట్టకమునుపే దాని డి.వి.డి.కి వెల చెల్లించినవారి సొమ్ము ఖర్చునకు తోడ్పడెను. సెకండునకు 24 బొమ్మలు కావలెను. ఒక్కొక్కదాని వెలుగునీడలను లెక్కగట్టుటకు అమెరికాలోని బౌవీ స్టేట్ విశ్వవిద్యాలయపు కంప్యూటర్ల బారు 125 దినములు శ్రమించెను. పిదప బొమ్మలను వరుసగూర్చి, శబ్దముతో జతపరచి, డి.వి.డి. బిళ్లపై నిముడునట్లు కుదించి ఎక్కించిరి.

2006 మార్చి 24వ తేదీన చిత్రము ప్రథమముగా ప్రదర్శింపబడెను. ఆ డి.వి.డి.లో చిత్రమే గాక, బొమ్మల మూలరూపములు సైతము చేర్చబడెను. కొన్నవాడు ప్రేక్షకుడు మాత్రమే గాక శిష్యుడు గూడ నయ్యెను. బొమ్మల పెట్టెనే తెరచి చేతికిచ్చిరన్న మాట.

డి.వి.డి.ల వాడుక నేడు సన్నగిల్లినది. బ్లెండరు మాత్రము నిలిచినది. లాత్వియా అను చిన్న దేశపు దర్శకుడు గింట్స్ జిల్బలోడిస్ దానితో నిర్మించిన 'ఫ్లో' అను చిత్రమునకు 2025లో ఆస్కారు బహుమానము లభించినది. ఆనాడు చందా వేసినవారు పనిముట్టు చెడిపోరాదని మాత్రమే తలచిరి. చెరువు బాగుచేసినవాని పుణ్యము, అతడెన్నడు చూడని పొలములకును నీరై పారును.