విస్తరాకు

విస్తరాకు భోజనం వడ్డించుకోవడానికి ఆకులతో చేసుకునే పళ్లెం. తెలంగాణలో ఇస్తారి అంటారు. బఫేలు వచ్చాక వెనకబడిన ఈ విస్తరిని, ఇంట్లో శుభకార్యం చేసి చెత్త మిగల్చకూడదనుకునేవాళ్లు ఇప్పుడు మళ్లీ అడిగి తెప్పించుకుంటున్నారు.

కోనసీమలో అరటాకు కోసి, కడిగి వేస్తే చాలు, కుట్టే పనే లేదు. మెట్ట ప్రాంతాల్లో మోదుగ, మర్రి ఆకులు వాడతారు. ఉత్తరాంధ్ర ఏజెన్సీలో పేరున్నది అడ్డాకు. అడ్డతీగ పెద్ద చెట్లను అల్లుకుని పైకి పాకుతుంది. దాని ఆకు కొస దగ్గర రెండుగా చీలి, అరచేతికంటే వెడల్పుగా ఉంటుంది. గిరిజన మహిళలు ఆకులు కోసి, ఆరబెట్టి, బరువు కింద అణిచి, సన్నని పుల్లలతో గుండ్రంగా కుడతారు. ఎండిన విస్తరి నెలల తరబడి నిలవ ఉంటుంది. వడ్డనకు ముందు నీళ్లు చిలకరిస్తే మెత్తబడి, పెళుసుగా విరగదు. పప్పుచారు దగ్గర మాత్రం కాస్త జాగ్రత్త పడాలి.

ప్లాస్టిక్, థర్మాకోల్ పళ్లేలు, గ్లాసులను కేంద్ర ప్రభుత్వం 2022 జులై 1 నుంచి నిషేధించింది. వాటి స్థానంలో విరివిగా వచ్చిన కాగితం పళ్లేల్లో చాలావాటికి తడి అంటకుండా పైన పలచని ప్లాస్టిక్ పొర ఉంటుంది. వెండిలా మెరిసే బఫే పళ్లెం అంచు చింపి నీళ్లలో నానబెడితే కాగితం గుజ్జయిపోతుంది, పొర మాత్రం చేతిలో మిగులుతుంది. మిషన్‌పై ఒత్తిన ఆకు పళ్లేల్లోనూ రెండు రకాలున్నాయి: ఆకు మీద ఆకు పెట్టి ఒత్తినవి ఒకటి, అట్ట మీద ప్లాస్టిక్ పొర పరిచి ఆకు అంటించినవి రెండోది. ఈ రెండో రకం పేరుకే విస్తరి. కొనేముందు తిరగేసి చూడాలి.

తిన్నాక విస్తరి ఎక్కడికి వెళ్తుందన్నదీ ముఖ్యమే. పల్లెలో ఎంగిలి విస్తళ్లు పశువులో, మేకలో తినగా మిగిలినవి పెంటకుప్ప చేరి ఎరువవుతాయి. పట్నంలో అవే ప్లాస్టిక్ సంచిలో మూటకట్టి డంపింగ్ యార్డుకు చేరితే గాలి ఆడక కుళ్లి మీథేన్ వదులుతాయి. వందేళ్ల లెక్కన మీథేన్ బొగ్గుపులుసు వాయువు కన్నా పాతిక రెట్లకు పైగా వేడి పుట్టిస్తుంది. తడి చెత్త విడిగా తీసుకెళ్లే ఏర్పాటు లేకుండా విస్తరి తెప్పిస్తే సగం పనే అయినట్టు. పక్కన ఒక్కొక్కరికీ చిన్న నీళ్ల బాటిల్ పెట్టే అలవాటు ఆ సగాన్నీ చెడగొడుతోంది. స్టీలు గ్లాసులు, జగ్గులు పట్టుకుని నీళ్లు పోయడానికి ఇద్దరు మనుషులుంటే బాటిళ్ల అవసరం ఉండదు.

రోజువారీ భోజనానికి ఏళ్లకేళ్లు మన్నే స్టీలు కంచానికి సాటి లేదు. విందులకు కూడా సిద్దిపేట జిల్లాలో కొన్ని ఊళ్లు స్టీలు బ్యాంకులు పెట్టుకుని కంచాలు, గ్లాసులు అద్దెకిస్తున్నాయి. నీటి ఎద్దడి ఉన్నచోట, అంట్లు తోమే మనుషులు దొరకనిచోట విస్తరే నయం.

అడ్డతీగ చెట్లను పాడుచేస్తుందని అటవీ సిబ్బంది ఒకప్పుడు నరికించేవారు. అడవిలో దొరికే ఇలాంటి చిన్న తరహా ఉత్పత్తులను సేకరించి అమ్ముకునే హక్కును 2006 అటవీ హక్కుల చట్టం గిరిజనులకు ఇచ్చింది. తీగ నరకకుండా ఆకు మాత్రమే కోస్తే మళ్లీ చిగురిస్తుంది.