ఆటిజం ఉన్న ఉద్యోగుల తొలగింపు: భారత చట్టంలో రక్షణ

ఆటిజం ఉన్న ఉద్యోగిని పనినుంచి తొలగించే సందర్భంలో వర్తించే హక్కులకు భారతదేశంలో ప్రధాన ఆధారం వికలాంగుల హక్కుల చట్టం, 2016. ఇది 2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చింది. దీనికి ముందున్న 1995 నాటి చట్టం గుర్తించిన ఏడు వైకల్యాల్లో ఆటిజం లేదు. కొత్త చట్టం గుర్తించిన 21లో ఉంది.

సెక్షన్ 3 వైకల్యం కారణంగా వివక్షను నిషేధిస్తుంది. అయితే న్యాయమైన లక్ష్యం కోసం తగిన మోతాదులో తీసుకున్న చర్యకు మినహాయింపు ఉంది. సెక్షన్ 20 ప్రకారం ప్రభుత్వ సంస్థలు ఉద్యోగికి సహేతుకమైన సర్దుబాట్లు కల్పించాలి. రాతపూర్వక ఆదేశాలు, శబ్దం తక్కువగా ఉండే చోటు వంటివి ఆటిజం ఉన్నవారికి ఉపకరిస్తాయి. సర్వీసులో ఉండగా వైకల్యానికి గురైనవారిని ప్రభుత్వ సంస్థలు తొలగించరాదని సెక్షన్ 20(4) చెబుతుంది. ఆటిజం బాల్యంలోనే మొదలయ్యే స్థితి కనుక, పెద్దయ్యాక నిర్ధారణ అయినా, ఈ నిబంధన ఆటిజం ఉన్నవారికి సులభంగా వర్తించదు.

మానసిక వైకల్యం ఉన్న ఉద్యోగిపై ఆ వైకల్యంతో ముడిపడిన ప్రవర్తనకు క్రమశిక్షణ చర్య చేపట్టడం పరోక్ష వివక్షలో ఒక రూపమని సుప్రీంకోర్టు 2021 డిసెంబరు 17న రవీందర్ కుమార్ ధరీవాల్ కేసులో పేర్కొంది. ఆ కేసు ఆటిజానికి సంబంధించినది కాదు.

ప్రభుత్వ సంస్థల్లో ఫిర్యాదును ఫిర్యాదుల పరిష్కార అధికారి రెండు వారాల్లో విచారించాలి. ఆపై జిల్లా స్థాయి కమిటీని ఆశ్రయించవచ్చు. చట్టాన్ని మొదటిసారి ఉల్లంఘిస్తే రూ.10,000 వరకు, తర్వాత రూ.50,000 నుంచి రూ.5 లక్షల వరకు జరిమానా ఉంటుంది.