నెత్తురుగడ్డకు జల్లెడ

మన అనంతపురసీమలో చెరువు తూమున చెత్త చిక్కినచో ఆయకట్టు ఎండును. అట్లే కాలిసిరయందు పేరుకొన్న నెత్తురుగడ్డ కదలిపోయి ఊపిరితిత్తులలో చిక్కినచో ప్రాణాపాయము. దీనిని 19వ శతాబ్ది మధ్యమున జర్మను వైద్యుడు విర్కో వివరించెను.

పూర్వము శస్త్రవైద్యులు పొట్టలోని పెద్దసిరనే కట్టివేయుచుండిరి. 1973లో గ్రీన్‌ఫీల్డను అమెరికా వైద్యుడు ఆఱుకాళ్ల లోహపుజల్లెడను ప్రకటించెను. గడ్డ నిలుచును, నెత్తురు పాఱును. 2003 మొదలు, తిరిగి తీయదగిన జల్లెడలకు ఆ దేశమున అనుమతి లభించెను.

అయినను లోపలనే విడిచిన జల్లెడ విఱుగవచ్చును, సిరను గ్రుచ్చవచ్చును. అపాయము గడచినంతనే తీయుడని 2010లో అమెరికా ఔషధాధికారులు హెచ్చరించిరి. ఫ్రాన్సున 399 మందిపై జరిపి 2015లో ప్రకటించిన పరీక్షలో, నెత్తురు పలుచబఱచు మందు పుచ్చుకొనువారికి జల్లెడవలన అధికలాభము కానరాలేదు. కావున ముఖ్యముగా ఆ మందు పడనివారికే ఇది తగును.

మీ యింట నెవరికైన దీనిని అమర్చినచో, తీయుదినము ఎప్పుడని వైద్యుని అడుగ మఱవకుడు.