చెదిరిన చుక్కలకు ఒక దీర్ఘవృత్తం

1600లో ప్రేగ్ దగ్గర ఖగోళ శాస్త్రవేత్త టైకో బ్రాహీ కొలువులో చేరిన యోహానెస్ కెప్లర్‌కు అప్పగించిన పని అంగారకుడి కక్ష్య లెక్క తేల్చడం. టెలిస్కోపు లేని ఆ రోజుల్లో టైకో కొలతలను మించిన కచ్చితత్వం ఎక్కడా లేదు. వృత్తాలతో కెప్లర్ కట్టిన ఒక నమూనా వాటికి దాదాపు సరిపోయింది. మిగిలిన తేడా 8 కోణీయ నిమిషాలు, అంటే నిండు చంద్రుడి వెడల్పులో నాలుగో వంతు. టైకో అంత పొరపాటు చేయడని నమ్మి, కెప్లర్ తన నమూనానే వదిలేశాడు. చేత్తో ఏళ్ల తరబడి లెక్కలు కట్టి, సూర్యుడు ఒక నాభిలో ఉండే దీర్ఘవృత్తాన్ని పట్టుకున్నాడు. 1609లో 'ఆస్ట్రోనోమియా నోవా'లో ప్రకటించాడు.

దీర్ఘవృత్తపు సాధారణ సమీకరణంలో ఆరు గుణకాలుంటాయి. వాటి నిష్పత్తులే ముఖ్యం కాబట్టి, దీర్ఘవృత్తాన్ని నిర్ణయించడానికి దాని మీది ఐదు బిందువులు చాలు. ఆరో కొలత వచ్చిందంటే చిక్కే. ప్రతి కొలతలోనూ కొంత దోషం ఉంటుంది కనుక, అన్నిటి గుండా పోయే వక్రం సాధారణంగా దొరకదు. మరి ఆ దోషాన్ని ఎలా పంచాలి? తేడాల వర్గాల మొత్తం కనిష్ఠం కావాలని 1805లో తోకచుక్కల కక్ష్యల మీద రాసిన పుస్తకంలో గణితవేత్త లెజాండ్ర్ చెప్పాడు. 1801లో పియాజీ కనుగొన్నాక కనబడకుండా పోయిన సెరెస్ అనే చిన్న గ్రహం జాడను లెక్కగట్టి చెప్పిన గౌస్, ఆ పద్ధతిని తాను 1795 నుంచే వాడుతున్నానని 1809లో రాశాడు. ఘనత ఎవరిదన్న తగువు అలా మొదలైంది.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ సమస్య ఆకాశం నుంచి ఫొటోల్లోకి దిగింది. ఏటవాలుగా చూస్తే వృత్తం దీర్ఘవృత్తంలా కనిపిస్తుంది. కంప్యూటర్‌కు దొరికేవి దాని అంచు చుక్కలు మాత్రమే. వాటిని సమీకరణంలో వేసి, వచ్చిన విలువల వర్గాల మొత్తాన్ని తగ్గించడం సులువే. అయితే గుణకాలన్నీ సున్నా చేస్తే దోషమూ సున్నాయే! అందుకే ఏదో ఒక నిబంధన పెట్టాలి. 1979లో బుక్‌స్టీన్ పెట్టిన నిబంధన బొమ్మను తిప్పినా జరిపినా మారదు. కానీ వంపులో చిన్న ముక్కే కనిపించినప్పుడు దీర్ఘవృత్తానికి బదులు అతిపరావలయం రావచ్చు.

దీనికి విరుగుడు ఫిట్జ్‌గిబ్బన్, పీలూ, ఫిషర్ 1996లో చూపారు. పూర్తి వ్యాసం 1999లో వెలువడింది. సమీకరణంలో x², xy, y² పదాల గుణకాలు వరసగా ఎ, బి, సి అనుకుంటే, దీర్ఘవృత్తం కావాలంటే 4ఎసి−బి² సున్నా కంటే పెద్దదై ఉండాలి. గుణకాలన్నిటినీ ఒకే సంఖ్యతో హెచ్చించినా వక్రం మారదు కనుక, ఆ విలువ సరిగ్గా 1 కావాలని వాళ్లు పట్టుబట్టారు. దాంతో ఇది మాత్రికల ఐగెన్ విలువలు కనుక్కునే లెక్కగా మారి, ఒక్క అడుగులో జవాబు వస్తుంది. ఆ జవాబు ఎప్పుడూ దీర్ఘవృత్తమే. దశాంశాలను కుదించడంలో పేరుకునే దోషాలను లెక్క తట్టుకునేలా 1998లో హాలీర్, ఫ్లూసర్ దీన్ని సరిదిద్దారు.

ఒక లోపం మిగిలింది: చుక్కలు బాగా చెదిరితే జవాబు అసలు కంటే చిన్న దీర్ఘవృత్తం వైపు మొగ్గుతుంది. కచ్చితత్వం ముఖ్యమైన చోట, ఈ జవాబుతో మొదలుపెట్టి, చుక్కకూ వక్రానికీ మధ్య ఉన్న నిజమైన దూరాలను మెల్లమెల్లగా తగ్గిస్తూ పోతారు. కనుపాప కదలికను వెంబడించే కెమెరాలకూ, అల్ట్రాసౌండ్‌లో గర్భస్థ శిశువు తల చుట్టుకొలత తీయడానికీ దీర్ఘవృత్తమే ఆధారం. అలాంటి చోట జవాబు రాగానే సంబరపడకూడదు, మిగిలిన తేడాలను పరికించాలి. అవి అటూ ఇటూ చెదిరి ఉంటే కొలతల దోషం అనుకోవచ్చు. ఒక వరసలో ఒకే వైపు ఒరిగితే మాత్రం మనం ఎంచుకున్న ఆకారమే తప్పు కావచ్చు.